బ్యారన్ గోడ ఆట

ముందు గోడకి అరచెయ్యి ఆనించు.
కాలిందా, ఇవాళ ఆట లేదు.
లోపల ఆకు పండుతోంది.
మాలకొండయ్య తాతకి ఇది నిద్రలేని మూడో రాత్రి,
బంతి ధబ్బుమంటే చాలు, చలుగు పుచ్చుకుని వస్తాడు:
"ఆకు రాలి గొట్టం మీద పడిందంటే
బ్యారనంతా అంటుకుంటది, మీ అబ్బ కడతాడంట్రా?"
గోరువెచ్చగా ఉంటే మాత్రం వదలొద్దు.
వెచ్చని గోడకి బంతి బాగా లేస్తుంది.
ఎందుకని నన్నడగొద్దు.

బంతి కొననక్కర్లేదు.
పాత పంచె పేలిక ఉండ చుట్టి
సైకిలు ట్యూబు ఉంగరాలుగా కోసి
ఒకదాని మీదొకటి ఎక్కించు,
నిమ్మకాయకి పెద్ద, బత్తాయికి చిన్న.
కొండపి రోడ్డులో ప్రభుదాసు ట్యూబు ఊరికే ఇస్తాడు,
కాకపోతే నాలుగు సైకిళ్ళకి
నీ చేత గాలి కొట్టిస్తాడు.

పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి
మోకాలెత్తున గీత గియ్యి.
ఎవరి మోకాలు అనేది ఏటా తగువే.
గీత కింద తగిలితే పాయింటు పోయినట్టే.
తిరిగొచ్చిన బంతి నేల మీద ఒక్కసారే పడాలి,
రెండోది పడేలోపు కొట్టాలి,
అరచేత్తోనే.
పట్టుకుని విసరకూడదు.
పట్టినవాణ్ణి చూడక్కర్లేదు,
చప్పుడే చెబుతుంది.

కొట్టి అక్కడే నిలబడకు, పక్కకి తప్పుకో.
నీ వెనకున్నోడు "అడ్డం!" అని అరిస్తే
ఆ పాయింటు మళ్ళీ ఆడాలి.
మస్తాను బంతి అందనప్పుడల్లా అరిచేవాడు,
ఎవరూ లేకపోయినా.

ఆకు కోతకి పోయొచ్చినోళ్ళ చేతులు చూశావా?
జిగురు. తారు లాగా నల్లగా.
బంతి అర క్షణం అంటుకుని వదులుద్ది.
మేం దాన్ని దొంగాట అనేవాళ్ళం,
కర్రలకి ఆకు అల్లే చెంచమ్మ
సద్ది గిన్నె మూతపెట్టి లేచి
"ఏదీ, ఇటు తేండ్రా" అన్నదాకా.

కుచ్చిళ్ళు దోపింది. ఎడమ చెయ్యి.
గీతకి వేలెడు పైన, మూలకి.
బంతి లేవలేదు, నేలబారున పాకింది.
వరసగా ఏడు పాయింట్లు.
"జిగురు! చెల్లదు!" అన్నాడు మస్తాను.
ఆమె అరచెయ్యి వాడి ముక్కు కింద పెట్టింది.
"పొద్దుట్నించి రెండొందల కర్ర అల్లినా.
ఏ సబ్బుకి పోతుందో చెప్పు,
కడుక్కునొస్తా."

ఆ రోజు రూలు మార్చాం.
జిగురు చేతులోళ్ళదే మొదటి సర్వీసు.

థర్మామీటరు పగిలిన ఏడు
రాత్రి గంటకోసారి తాత వచ్చి
మా బంతి మచ్చల మీదే చెయ్యి పెట్టి
కళ్ళు మూసుకుని "నూట పది" అనేవాడు,
ఇంకో కట్టె తోసేవాడు.
కొత్తది తెచ్చి చూస్తే నూట పన్నెండు.
"అద్దం తప్పు" అన్నాడు.

మొదటి రోజు నీ చెయ్యి వాస్తుంది.
కుండ నీళ్ళలో ముంచు, అమ్మకి చూపించకు.
మూడో రోజుకి
ఏ ఇటుక దగ్గర బంతి వంకర తిరుగుద్దో
చెయ్యే కనిపెడుతుంది,
నీకు తెలియకముందే.

ఇంకేముంది, బొగ్గు ఇటియ్యి.
నీ మోకాలే లెక్క, పోనీ.
గోడ చల్లారిపోతోంది, కొట్టు.