జానెడు ఎడమకి

భుజం కోసి కుట్టిన ఏడో నెలలో
మళ్ళీ విల్లు పట్టాను.
నలభై అయిదు పౌన్లది అటక మీదికి పోయింది,
ముప్పయ్యిది చేతికొచ్చింది.
కన్ను అదే, నిలబడే తీరు అదే,
పాత బాణాలు మాత్రం పన్నెండుకి పన్నెండూ
జానెడు ఎడమకి పోతున్నాయి.

తప్పు చేతిదనుకున్నాను, వారం రోజులు దాన్నే తిట్టాను.
చూళైలో లేతు మిషన్ పెట్టుకున్న ఏకాంబరం మేస్త్రీ
ఒక బాణం తీసి బొటనవేళ్ళతో వంచి
"దీనికేం రోగం లేదమ్మా,
నీ విల్లు దీన్ని వంచలేకుండా ఉండాది, అంతే" అన్నాడు.

తెలియని సంగతేం కాదు.
వదిలిన బాణం మొదట తిన్నగా పోదు.
వింటి నడుము పక్కనుంచి దాటేటప్పుడు
చేపలా అటోసారి ఇటోసారి ఒంగి
ఆ తర్వాతే తిన్ననవుతుంది.
ఒంగనిది వింటిని రాసుకుని ఎడమకి తొలుగుతుంది,
మరీ ఒంగేది కుడికి పారిపోతుంది.
తొమ్మిదేళ్ళుగా శనివారం పిల్లలకి చెబుతున్న పాఠం
నాకు నేనే చెప్పుకున్నాను, చెప్పులేసుకుంటూ.

సిడెన్‌హామ్స్ రోడ్డు వెనక కలప అడితి.
హార్బరు నుంచి దిగిన పెట్టెలు విప్పి
మేకులు డబ్బాలో, పలకలు గోడ వారగా.
ఏ దేశపు పైనో, ఎంత చలిలో పెరిగిందో,
వలయాలు దగ్గర దగ్గరగా
పిసినారి రాసుకున్న పద్దుల్లా.
టేకు బరువు.
వెదురు మంచిదే గానీ
ప్రతి కణుపు దగ్గరా దానికో అభిప్రాయం ఉంటుంది.
పలక అంచు కంటి దగ్గర పెట్టుకుని
నార వెంట చూపు నడిపిస్తాను.
మధ్యలో పక్కకి జారిందా, పక్కన పెట్టేయడమే.
అది అక్కడే విరుగుతుంది,
విరిగిన ముక్క ముందుకి పోదు,
విల్లు పట్టిన చేతిలో దిగుతుంది.
కుమరేశన్ అరచేతి మచ్చ చూశాక
ధర బేరమాడతాను గానీ నార బేరమాడను.

నేనేరిన పలక మీద, పెట్టె ఎటు పైకుండాలో చెప్పే
రెండు నల్ల బాణాల అచ్చు.
మేస్త్రీ గమనించనే లేదు,
వాటి మీదుగానే రంపం నడిపాడు.

వంటింటి గట్టు మీద పలకకి రెండు మేకులు,
ఇరవయ్యారు అంగుళాల ఎడం.
పుల్లని అడ్డంగా పెట్టి నడిమిన
ఇసక పోసిన హార్లిక్స్ సీసా వేలాడదీస్తాను,
కిరాణా కొట్టులో తూయించింది, తొమ్మిది వందల గ్రాములు.
వెనక స్కూలు స్కేలు.
కుంగినంతా పెన్సిల్‌తో పుల్ల మీదే రాస్తాను.
దీన్ని వెన్ను చూడటం అంటాం మేం.
వరికీ అదే మాట,
గింజ పట్టాక వంగేదాన్నీ వెన్నే అంటారు.

పాతవి పదిహేను మిల్లీమీటర్లు కుంగేవి.
ఇప్పుడు నాకు ఇరవై రెండు కావాలి.
ఆ ఏడు మిల్లీమీటర్లు
ఆస్పత్రి వాళ్ళిచ్చిన లావుపాటి ఫైల్లో ఎక్కడా లేవు.

పద్దెనిమిది. పదిహేడు.
ఇరవై ఒకటి, పరవాలేదు.
పదమూడు, ఇదెవరి పడుచు భుజానికో.
నిన్న ఇరవై అన్నది ఇవాళ ఇరవై ఒకటిన్నర,
రాత్రంతా వాన, చెక్క తాగింది.

బిరుసువాటిని గరుకు కాగితంతో రుద్దుతాను.
ఒక్క మిల్లీమీటరు దిగడానికి పావుగంట,
ఒళ్ళో పచ్చటి పొడి, పైను వాసన.
నెమ్మదిగా రుద్దాలి.
తగ్గించిన బిరుసు మళ్ళీ ఎక్కదు,
అందుకే ఇరవై దగ్గర ఆపి
టీ పెట్టుకుని, మళ్ళీ తూస్తాను.

పాతవాటిలో పదకొండు అటక మీద, వింటి పక్కన.
ఒకటి బాల్కనీ కుండీలో
చిక్కుడు తీగకి ఊతంగా గుచ్చాను.
కాయలు దిగాక అది కూడా
కొంచెం ఒంగినట్టుంది.
స్కేలు పెట్టి చూడలేదు.