టీ వడకట్టు

చీమకుర్తిలో పద్దెనిమిదేళ్ళుగా రాళ్ళు దించుతున్నా.
ఇరవై టన్నుల దిమ్మె అంచున నిలబడి
చేయి ఊపితే క్రేను నా మాట వినిద్ది.
అట్లాంటోణ్ణి
మూడో జాములో
బాత్రూం గోడకి నుదురానించి
అమ్మా అన్నా.

ఒంగోలులో స్కానింగ్ తీసినావిడ
తెర మీద చుక్క చూపించింది. ఆరు మిల్లీమీటర్లు.
కొలతల పుస్తకంలో నేనెన్నడూ రాయని కొలత.
సూపర్‌వైజర్ సుభానీ నవ్వాడు,
"ఇంతేనా యలమందా,
మనం దీన్ని తుక్కులో కూడా లెక్కెయ్యం."

డాక్టరు కాగితం మీద గొట్టం గీశాడు
కిడ్నీ కాడి నుంచి కిందికి, వంకరటింకరగా,
మా క్వారీలోకి దిగే లారీ బాటలాగా.
చివరి మలుపులో ఇరుక్కుందంట.
మాత్ర రాయిని కరిగించదంట.
బిగుసుకున్న దారిని కాస్త వదులు చేసిద్దంట, అంతే.
"అందరికీ పని చేసిద్దని చెప్పలేను.
నాలుగు వారాలు చూద్దాం.
జ్వరమొస్తే మాత్రం ఆ గంటలోనే రావాలి."

నాకు తెలిసిందల్లా
బెజ్జం వెయ్యటం, చీలలు దిగ్గొట్టటం,
కదలకపోతే ఇంకా గట్టిగా కొట్టటం.
రాయిని వదిలేసి
బాటకి నచ్చచెప్పటం
ఎవరు నేర్పారు నాకు?

రాత్రి అన్నం తిన్నాక ఒక గొట్టం బిళ్ళ.
పొద్దున గబాల్న లేస్తే
ఇల్లు గిర్రున తిరిగింది.
మెల్లగా లెయ్యమని ముందే చెప్పాడాయన.
మెల్లగా!
దిమ్మెల కాడ ఆ మాటకి కూలి గిట్టదు.
సుభానీ నన్ను పైకి ఎక్కనియ్యలా,
కింద కూర్చోబెట్టి
రాళ్ళ మీద తెల్లరంగుతో నంబర్లు రాయించాడు.

మా అత్త పొదిలి నుంచి కొండపిండాకు తెచ్చింది.
పేరులోనే ఉందిగా, కొండైనా పిండయిద్దంట.
ఆదెమ్మ ఉలవలు ఉడకేసింది.
బోరు నీళ్ళు మాని
క్యాను నీళ్ళు, సీసా మీద సీసా.
రేపు ఎవరికి దండం పెట్టాలో తెలియక
అన్నీ తాగా.

పదహారో నాడు
నొప్పి నడుములో నుంచి కిందికి జారి, ఆగింది.
పేలుడుకి ముందు మా కాడ సైరన్ మోగి
అందరం పక్కకి తప్పుకున్నాక
ఉంటదే ఒక నిశ్శబ్దం,
అది. మూడు రోజులు అదే.

పందొమ్మిదో పొద్దున
పట్టుకున్న టీ వడకట్టులో
టిక్.

వేలి మీద పెట్టుకుని చూశా.
తేనె రంగు, ఒళ్ళంతా ముళ్ళు,
మా నల్లరాయిలో మెరిసే చుక్కలు
దీంట్లో ఒక్కటీ లేవు.
చైనావోడు కూడా కొనడు ఈ సరుకు.
అగ్గిపెట్టెలో వేసి తారీఖు రాశా,
అలవాటు చొప్పున కొలతా రాశా.
పరీక్షకి పంపాలంట, మళ్ళీ రాకుండా.

ఆదెమ్మ ఆ వడకట్టుని
రెండు వేళ్ళతో పట్టుకుపోయి
ప్రహరీ అవతలకి గిరవాటేసింది.
"పోయి కొత్తది తే.
అప్పటిదాకా టీ లేదు."