తెల్లగుడ్డ

పర్లాకిమిడిలో వాన పట్టిందంటే
ముందు మా స్టూడియో గోడలకే తెలుస్తుంది.

మామ తవిటయ్య గీయించిన తెర ఒకటుంది:
నీలం చెరువు, రెండు హంసలు, ఎవరూ ఎక్కని మెట్లు.
నలభై ఏళ్లుగా ఊళ్లో పెళ్లిచూపుల ఫోటోలన్నీ
ఆ చెరువు గట్టునే దిగాయి.
రీళ్ల కాలం పోయి డార్క్‌రూమ్ ఖాళీ అయ్యాక
తెర తెచ్చి అక్కడే తగిలించాం, కింద మంచం వేశాం.
హంసల వైపు తల పెట్టి
మా ఢిల్లేశు పడుకుంటాడు.

పడుకుంటాడు అన్నానా,
రాత్రి రెండింటికి లేచి కూచుంటాడు.
వాడి గుండెల్లో ఎవరో
తడిసిన సన్నాయి ఊదుతుంటారు.
దిష్టి తీశాను. మిరియాల కషాయం పోశాను.
పుల్లైసు తిన్నావంటూ ఒక చెంపదెబ్బ కూడా.
అది ఇప్పటికీ నా అరచేతిలోనే మండుతోంది.

బడివాళ్లు ఫోటో అడిగారు,
వెనకాల తెల్లగా ఉండాలట, హంసలు పనికిరావు.
తెర కొక్కేలు విప్పాను.

గోడ మీద ఇంకో చెరువు.
పాచి కలిసిన నలుపు, అంచున మెత్తటి నూగు.
వేలు ఆనిస్తే వేలిముద్ర తీసుకుంది.
సరిగ్గా వాడి దిండు ఎత్తున మొదలై
తీరిగ్గా పైకి పాకింది.

శతపథి డాక్టరు పీల్చే మందు రాసి
ఒడియా తెలుగూ కలిపి చెప్పాడు: "క్లాడోస్పోరియం."
నౌపడా లైన్లో ఏదో చిన్న స్టేషన్ అనుకున్నాను.
"బయటా ఉంటుందమ్మా, రాలిన మామిడాకు మీద, గడ్డివాములో, గాలిలో.
అందరూ పీలుస్తారు, అందరికీ ఏమీ కాదు.
కొందరి ఊపిరి దానితో తగువు పెట్టుకుంటుంది."
మరి లోకంలోంచి దీన్ని ఎలా తోలడం?
"లోకం సంగతి వదిలెయ్. దిండు దగ్గర్నుంచి తోలు."

మేడ మీద గొట్టం ఎక్కడ కారుతోందో వెతికించాను.
మూతికి గుడ్డ కట్టుకుని సబ్బునీళ్లతో రుద్దాను.
తెర తిరగేస్తే, హంసలు వెనకవైపు ఎప్పుడో కుళ్లాయి.

ఇక ఆ కిటికీ,
వెలుగు చొరబడకూడదని మామ మేకులు కొట్టింది.
మూడో మేకు రానంది.
కొమ్ముబొమ్మలు చెక్కే ఎదురింటి దండాసి
పట్టకారు తెచ్చి పీకాడు.

మహేంద్రతనయ మీంచి గాలి వచ్చింది.
అందులోనూ ఉండే ఉంటుంది, అది.
రానీ.

తెల్లగుడ్డ ముందు నిలబడి
"ఊపిరి బిగబట్టాలా అమ్మా?" అన్నాడు ఢిల్లేశు.
ఫోటోకి కూచున్న ప్రతివాళ్లకీ మామ చెప్పే మాట అది.
వద్దురా, వదులు, అన్నాను.

ఫోటో కొంచెం కదిలింది.
అదే ఇచ్చాను.