ఎవరి పేరన

రాత్రి పదకొండు దాటాక సైదాపేటలో
లోకల్ రైలు చప్పుడు సన్నగిల్లాక
పదకొండు కొట్ల షట్టర్లు ఎత్తుతాను,
కుర్చీలోంచి లేవకుండానే.

పళ్ల డాక్టరు గారి ఫోను నంబరు మారింది.
ట్యూషన్ సెంటరు వాళ్లు నిరుటి ర్యాంకులు తీసెయ్యమన్నారు.
ఈ ఏడు ర్యాంకుల్లేవు,
అయినా ఆ చోటు ఖాళీగా కనపడకూడదట.
ప్లగిన్లకు అప్‌డేట్లు వేస్తాను.
ఒకదానికి వేస్తే ఇంకోటి అలుగుతుంది,
ఉమ్మడి కాపురంలో లాగే.

షావుకారుపేట త్రాసుల కొట్టు దగ్గర మాత్రం
చెయ్యి ఆగింది.

రంగమన్నారు గారికి లాగిన్ ఇచ్చింది నేనే.
"నేను రాస్తే నిజంగానే కనపడునా అమ్మా?" అన్నారు.
ఇక అప్పట్నుంచీ ఒంటి వేలితో, రోజుకొక ముక్క:
అరకిలో గుండ్లు అయిపోయినవి.
వాన. కొట్టు మూసినాను.
ఇత్తడి పళ్లెము సొట్ట తీసి ఇవ్వబడును. కూలి వద్దు, కాఫీ చాలు.
నేను వెనకే వెళ్లి అక్షరాలు దిద్దేదాన్ని.
మర్నాడు చూస్తే మళ్లీ ఆయన తప్పే ఉండేది.
ఒక్క మాటకి ముప్పైనాలుగు సవరణలు,
తరాసు, త్రాసు, తరాసు, త్రాసు,
ముల్లు అటూ ఇటూ ఊగినట్టు.

మొన్న మేనల్లుడు దేవరాజులు ఫోన్ చేశాడు.
మామ లాగిన్ తీసెయ్యండి,
ఇకమీదట అన్నీ ఎలక్ట్రానిక్ కాటాలే.
ఆయన పోయి నెల అయిందని
మాటల మధ్యలో చెప్పాడు.

తొలగించు అని నొక్కాను.
యంత్రం ఊరికే ఒప్పుకోలేదు.
రిజిస్ట్రారు ఆఫీసు గుమస్తాలా అడిగింది:
ఈయన రాసినవన్నీ చెరిపెయ్యాలా?
ఎవరి పేరనైనా రాయాలా?
కింద రెండే పేర్లు. దేవరాజులు, నేను.

పొలం కాదు, పుట్రా కాదు.
రెండువందల పన్నెండు పొట్టి కబుర్లు.
పైకి రాని చిత్తుప్రతి ఒకటి:
"కొత్త తరాసు అయినను, ఖాళీగా ఉన్నప్పుడు
ఒకమారు చూచుకొనవలెను. ఎందుకనగా"
అంతే. ఆ తర్వాత
గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

నా పేరనే రాసుకున్నాను.

షావుకారుపేటలో వాన పడిందనీ, కొట్టు మూసినాననీ
ఇప్పుడు చెబుతున్నది నేనే.
ఆ వీధిలో ఒక్క గుండూ అమ్మి ఎరగను.
సొట్ట తీయమని ఎవరైనా పళ్లెం పట్టుకొస్తే
కాఫీ మాత్రం తాగగలను.

తరాసు అని ఉన్నచోట
ముప్పై అయిదోసారి చెయ్యి పెట్టలేదు.