పట్టువిడుపులు

ఇలులిస్సాట్ హ్యాంగర్లో మైనస్ ఇరవై రెండు.
చేతిగుడ్డ మీద స్ప్రాగులు పేర్చి
అవియాయా లెక్కపెడుతోంది:
వేరుశనగ గింజలంతేసి, నడుము నొక్కుకున్న ఉక్కు ముక్కలు.
ఒక్కటి తక్కువైనా ఈ రాత్రి ఇంటికి పోదు.

"ఇంజన్ తోసినంతసేపూ ఇవి లేచి నిలబడతాయి,
రెండు కడియాల మధ్య భుజం అడ్డంపెట్టి.
ఇంజన్ వెనకబడిందా, పక్కకి ఒరిగి దారిస్తాయి.
చచ్చినదాన్ని రోటర్ మొయ్యకూడదు కదా" అంది,
పంటి మధ్య స్క్రూ తియ్యకుండానే.

నవంబరులో అక్కలుక్ ఇంజన్ ఆగిపోయింది.
వెనక ముగ్గురు మనుషులు, ఒక కుట్టుమిషను.
డయల్లో జంటగా నడిచే సూదులు విడిపోయాయి:
ఒకటి సున్నాకి కూలింది,
ఒకటి పచ్చగీత మీదే నిలిచింది.
కిందనుంచి ఎగదన్నిన గాలి రెక్కల్ని తిప్పింది,
రెక్కలు తోకని తిప్పాయి.
మంచు మీద దిగాడు.
కుట్టుమిషను సూది కూడా విరగలేదు.

ఊరంతా అతని చేతుల్ని మెచ్చుకుంది.
అతను మాత్రం ఇక్కడికొచ్చి
ఈ గేర్‌బాక్సు మీద అరచెయ్యి ఆనించి
కాసేపు ఊరికే నిలబడ్డాడట.
అవియాయా కాఫీ ఇచ్చి
లాగ్‌బుక్‌లో గంటలు రాసుకుంది.

బిగించడం అయ్యాక నా చేత బ్లేడు తిప్పించింది.
ముందుకి తోస్తే జారింది, పేచీ లేకుండా.
వెనక్కి తోస్తే
ఇంజన్ని కూడా లాక్కొచ్చింది.

గట్టిగా పట్టిందని నేను సంబరపడ్డాను.

"పట్టుకోవడం తుప్పుకీ వచ్చు" అంది.
"ముందుకి తిప్పు, ఇంకోసారి.
విననీ."