పాట లేని ప్లేటు

త్బిలిసీలో, ఎండిన వంతెన మీద సంత.
సమోవర్లు, పతకాలు, ఎవరో పోయినాయన కళ్ళజోళ్ళు.
వాటి పక్కన గళ్ళ దుప్పటి మీద
మూడు సౌండ్ కార్డులు.

మొదటిది అందగత్తె. నీలం దీపాలు, వెండి మొహం.
వెనక్కి తిప్పి చూస్తే ఒకటే జత ఇన్‌పుట్.
నాకున్నవి రెండు టర్న్‌టేబుళ్ళు,
ఒక చెవితో రెండు కాపురాలు నావల్ల కాదు.
రెండోదాని కంపెనీ మూతపడి ఆరేళ్ళు.
డ్రైవర్ అంటే దుబాసీ కదా, ఆ దుబాసీ లేడు.
నా లాప్‌టాప్, అదీ
ఒకరి మాట ఒకరికి తెలియక అలా చూసుకుంటూ కూర్చోవాలి.

మూడోది ఇటుకంత ఉంది. వెలిసిన నలుపు.
లోపలికి నాలుగు, బయటికి నాలుగు.
ఫోనో, లైన్ అని ఒక బుల్లి మీట,
దాని పక్కన ఇత్తడి మర.
"మర ఉన్నది తీసుకో గురాండా" అన్నాడు ఓతియా,
రేడియో స్టేషన్లో ముప్ఫై ఏళ్ళు చేసి
ఎడమ చెవిని అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.
తొంభై అన్నాడు. ఎనభైకి తెగింది.
పనిచెయ్యకపోతే వాపసు అన్నాను,
అందుకని దుప్పటి మడిచి చంకన పెట్టుకుని
నా వెంటే వచ్చాడు.

కుట్టు ఫ్యాక్టరీ కింద నేలమాళిగ.
పదింటికి జనం వస్తారు, ఇప్పుడు ఆరున్నర.
ఎర్ర తల, తెల్ల తల, తీగలు తగిలించి స్విచ్ వేశాను.
ఈగల మోత.
కేబుల్ మార్చాను, ఈగలు. సాకెట్ మార్చాను,
అవే ఈగలు, బంధువుల్ని కూడా పిలుచుకొచ్చాయి.
ఓతియాకి అదేమీ వినపడలేదు.
టర్న్‌టేబుల్ ఒంటి మీద రెండు వేళ్ళు ఆనించి
నాడి చూశాడు.
"దీనికి నేల కావాలి."

ఎర్త్ వైరు! వెనకాల తోకలా వేలాడుతోంది,
ఇన్నేళ్ళూ దాన్ని నేను అలంకారం అనుకున్నాను.
ఇత్తడి మర కింద చుట్టి బిగించాను.
నిశ్శబ్దం ఎంత ఠక్కున వచ్చిందంటే
పై అంతస్తులో ఎవరో ఉల్లిపాయ తరగడం వినిపించింది.

సూది దించాను. పాట వెనక్కి నడిచింది.
ఎడమా కుడీ తారుమారైతే
ప్లేటు ఫిరాయించడమంటే ఏమిటో కళ్ళారా చూడొచ్చు.
తలలు మార్చాను, ముందుకొచ్చింది.
తెర మీద మాత్రం గుండ్రంగా రావాల్సిన వృత్తం
సొట్ట గిన్నె.
సూది మీద దుమ్ము ఊదాను. మీటని లైన్ నించి ఫోనోకి తోశాను.
మెల్లగా సున్న చుట్టుకుంది.

ఇక బఫర్.
తగ్గిస్తే స్పీకర్లో ఆవాలు చిటపటలాడతాయి.
పెంచితే నా చెయ్యి ఇప్పుడు కదులుతుంది,
పాట ఆలోచించుకుని కదులుతుంది.
ఆవాలకీ ఆలోచనకీ మధ్య ఎక్కడో
ఆరు మిల్లీసెకన్ల దగ్గర రాజీపడ్డాం.

"ఈ ప్లేట్లో ఏ పాట ఉంది?" అడిగాడు ఓతియా.
పాట లేదన్నాను.
ఉన్నది ఒక ఈల. నేనిక్కడ ఉన్నాను,
ఇంత వేగంగా వెళ్తున్నాను,
ఇప్పుడిక్కడ ఉన్నాను, అని చెప్పుకుంటూ పోతుంది.
పాటలన్నీ లాప్‌టాప్‌లో.
"ఆ ఈలే పెట్టు."

సాఫ్ట్‌వేర్ మూసి, ఈలని సరాసరి స్పీకర్లకి వదిలాను.
వెయ్యి హెర్ట్జ్‌లు, సన్నగా, వంకర లేకుండా.
ఓతియా కుడి చెవి అటు తిప్పాడు.
పొద్దున్నే కార్యక్రమాలు మొదలవకముందు
ఊరంతా నిద్రలో ఉండగా
ముప్ఫై ఏళ్ళు తాను గాల్లోకి వదిలింది ఇదేనట.
అప్పుడు దాన్ని వినడానికి ఎవరూ లేరట,
లైను బాగుందో లేదో చూడడానికే తప్ప.

ఎనిమిదిన్నరయింది. లైట్లింకా కట్టలేదు.
పైనుంచి చీపురు కర్రతో నేలని కొడుతున్నారు.
"లైను బాగుంది" అన్నాడు, కళ్ళు మూసుకునే.
సూది ఇంకా సగం దూరమే వెళ్ళింది.
నేను ఎత్తలేదు.