రెండో కళ్ళజోడు

గన్నవరంలో రోహిణి కార్తె.
ర్యాంపు పెనంలా కాలుతోంది.
ఇరవై అయిదు నిమిషాల్లో మళ్ళీ ఎగరాలి.
అప్పుడే మెట్లెక్కి వచ్చాడు పసుప్పచ్చ కోటాయన,
చేతిలో పరీక్షల అట్ట, దానికి దారంతో కట్టిన పెన్ను.

"చూడొచ్చాండీ?"
కాదనే హక్కు నాకు లేదు.
విసుక్కునే హక్కుందేమో గానీ
పక్క సీట్లో నఫీసా ఉంది,
నన్ను చూసి నేర్చుకుంటోంది.

లైసెన్సు ఇచ్చాను. మెడికల్ ఇచ్చాను.
ఇంధనం లెక్క, బరువుల కాగితం.
టార్చి వెలిగించి చూపించాను
పట్టపగలు దివిటీ పట్టినట్టు.

కింద, ఎడమ టైరు మీద
ఆయన వేలు ఒకచోట ఆగింది.
నా ఊపిరి కూడా.
కోత కాదు, తారు మరక.

పైకొచ్చి నా మెడికల్‌ని
చేయి చాపి దూరంగా పట్టుకున్నాడు,
దగ్గరికి తెచ్చాడు, మళ్ళీ దూరం.
"రెండో కళ్ళజోడు వెంట ఉండాలని రాసుందండీ. ఏదీ?"

సంచిలో వెతికాను,
చార్జర్ కింద, బందరు లడ్డూ పొట్లం కింద.
ఇంజను ఆగిన రోజు కూడా
సెకను ఇంతగా సాగలేదు.

దొరికింది.
ఆయన తెరిచాడు, కోటు అంచుతో తుడిచాడు,
అడక్కుండానే తన ముక్కు మీద పెట్టుకున్నాడు.
"అమ్మయ్య, చిన్నక్షరాలు ఇప్పుడు కనబడుతున్నాయి."
గడువు తేదీ పైకి చదివాడు.
ఇంకా పద్దెనిమిది రోజులు.

తలుపు మూశాక నఫీసా అడిగింది,
"దొరక్కపోయుంటే?"
"దిగిపోయేదాన్ని."

అద్దాల మీద ఆయన వేలిముద్రలు.
కృష్ణ దాటేదాకా తుడవలేదు.